చిన్న ఆన్‌లైన్ వ్యాపారం అమ్మే సరుకులో బలవంతపు చాకిరీ లేకుండా చూసుకోవడం ఎలా

సప్లయర్‌కి ఒక ఫారం పంపి "మీ దగ్గర బలవంతపు చాకిరీ ఉందా?" అని అడిగితే "లేదు" అనే జవాబే వస్తుంది. ఉన్నవాడూ లేదనే రాస్తాడు, లేనివాడూ లేదనే రాస్తాడు. చాలా చిన్న వ్యాపారాలు ఆ ఫారం ఫైల్లో పెట్టుకుని పని అయిపోయిందనుకుంటాయి. నిజంగా చూడాల్సినవి మూడు: మీరిస్తున్న ధర, మీరు పెడుతున్న గడువు, పనివాళ్ల నెత్తిన ఉన్న అప్పు. వీటిని లెక్కేసి చూడటం ఇద్దరు ముగ్గురితో నడిచే షాపుకైనా చేతనయ్యే పనే.

అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) మరో రెండు సంస్థలతో కలిసి 2022లో విడుదల చేసిన అంచనా ప్రకారం, 2021లో ఏ రోజు చూసినా ప్రపంచంలో సుమారు 4 కోట్ల 96 లక్షల మంది ఆధునిక బానిసత్వంలో ఉన్నారు. వాళ్లలో 2 కోట్ల 76 లక్షల మందిది బలవంతపు చాకిరీ, మిగతావాళ్లది బలవంతపు పెళ్లి. శిక్ష భయం చూపి, తనంతట తాను ఒప్పుకోని మనిషి చేత చేయించుకునే పనిని బలవంతపు చాకిరీ అంటారని 1930 నాటి ఐఎల్ఓ 29వ ఒప్పందం చెబుతోంది. శిక్ష అంటే కొట్టడం ఒక్కటే కాదు. జీతం ఆపడం, పాస్‌పోర్టు దాచడం, "పోలీసులకు పట్టిస్తా" అని బెదిరించడం కూడా ఆ కిందికే వస్తాయి.

"మా టర్నోవర్‌కి బలవంతపు చాకిరీ చట్టాలు వర్తించవు" అనేది సగం నిజం. దాన్ని అడ్డుకోవడానికి ఏం చేశారో ఏటా ప్రకటన ఇవ్వాలన్న నియమం బ్రిటన్‌లో 2015 చట్టం ప్రకారం 3 కోట్ల 60 లక్షల పౌండ్ల టర్నోవర్ దాటిన వాళ్లకు, ఆస్ట్రేలియాలో 2018 చట్టం ప్రకారం 10 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల ఆదాయం దాటిన వాళ్లకు. కానీ దిగుమతి నిషేధాలు సైజు చూడవు. అమెరికాలో 1930 టారిఫ్ చట్టం 307వ సెక్షన్ కింద బలవంతపు చాకిరీతో తయారైన సరుకును కస్టమ్స్ ఆపేయవచ్చు. చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతంలో పూర్తిగానో కొంతభాగమో తయారైన సరుకు బలవంతపు చాకిరీదే అని ముందే భావించి, కాదని నిరూపించే భారం దిగుమతిదారు మీద పెట్టే చట్టం కూడా అమెరికాలో 2022 జూన్ 21 నుంచి అమల్లో ఉంది. యూరోపియన్ యూనియన్ నిషేధం 2027 డిసెంబర్ 14 నుంచి వర్తిస్తుంది, అది ఆన్‌లైన్ అమ్మకాలకూ వర్తిస్తుంది. పైగా పెద్ద కొనుగోలుదారులు తమ చట్టబాధ్యతను కింది చిన్న సప్లయర్ల మీదికి ప్రశ్నల రూపంలో నెట్టేస్తారు. మీరు ఏదైనా పెద్ద షాపుకి సరుకిస్తుంటే ఆ ప్రశ్నలు ఎప్పుడో మీ దాకా వస్తాయి.

ముందు ఒక పట్టిక

స్ప్రెడ్‌షీట్ తెరిచి మీరు డబ్బు కట్టే ప్రతి ఒక్కరినీ రాయండి. అమ్మే వస్తువులే కాదు: అట్టపెట్టెలు, లేబుళ్లు, కవర్లు, ఉచితంగా పెట్టే చిన్న బహుమతులు, గోడౌన్, అక్కడ ప్యాకింగ్‌కి మనుషులను పంపే కాంట్రాక్టర్, కొరియర్, ఆఫీసు ఊడ్చే ఏజెన్సీ. ఒక్కొక్కరికీ ఈ గడులు పెట్టండి: వస్తువు, ఏడాదికి కట్టే మొత్తం, మీకు బిల్లు ఇచ్చేది ఎవరు, నిజంగా తయారుచేసే చోటు అడ్రసు, ముడిసరుకు ఎక్కడిది, పనివాళ్లు ఎంతమంది, వాళ్లలో వేరే ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది, వాళ్లను తెచ్చింది ఎవరు, ఈ వివరం మీకు ఎలా తెలిసింది, ఏ తేదీన తెలిసింది.

చివరి రెండు గడులు చాలామంది పెట్టరు. అవి లేకపోతే ఏడాది తర్వాత ఆ పట్టికలో ఏది నిజం, ఏది సేల్స్‌మన్ ఫోన్లో చెప్పిన మాట అన్నది మీకే తెలియదు. తెలియని గడిలో "తెలియదు" అనే రాయండి. ఖాళీ వదిలేస్తే నిండినట్టే కనిపిస్తుంది.

ఇక్కడ మామూలుగా ఎదురయ్యే చిక్కు ట్రేడర్. "ఫ్యాక్టరీ మాదే" అంటాడు, ఫ్యాక్టరీ అతనిది కాదు. తేల్చుకోవడానికి సులువైన దారులు కొన్ని ఉన్నాయి. బిల్లు మీది అడ్రసు, బ్యాంకు ఖాతా పేరు, కార్టన్ మీద సరుకు బయల్దేరిన ఊరు, ఈ మూడూ కలుస్తున్నాయా చూడండి. వీడియో కాల్ చేసి గేటు దగ్గర బోర్డు నుంచి మొదలుపెట్టి మీ సరుకు కుడుతున్న లైన్ దాకా ఫోన్ ఆపకుండా నడవమనండి. మీ డిజైన్ కాగితం ఆ టేబుల్ మీద కనిపించాలి. షోరూమ్, శాంపిల్ గది చూపించి కాల్ కట్ చేస్తే తయారీ వేరే చోట జరుగుతోందని అనుకోవాలి. ట్రేడర్ ద్వారా కొనడం తప్పేమీ కాదు. ఎక్కడ తయారవుతుందో చెప్పని ట్రేడర్ ద్వారా కొనడమే తప్పు.

డ్రాప్‌షిప్పింగ్‌లో (సరుకు మీ దగ్గర పెట్టుకోకుండా సప్లయర్ నుంచే నేరుగా కొన్నవాళ్లకు పంపించే పద్ధతి) ఈ పని దాదాపు కుదరదు. సరుకు మీ చేతికి రాదు, ఒకే వస్తువు ఈ వారం ఒక యూనిట్ నుంచి, వచ్చే వారం ఇంకో యూనిట్ నుంచి వెళ్తుంది. అలాంటి వస్తువులు మీ కేటలాగులో వందల్లో ఉంటే వాటన్నిటినీ వెతకడం కంటే కేటలాగు తగ్గించుకోవడం మేలు. 40 వస్తువుల మూలం తెలిసిన షాపు, 400 వస్తువుల మూలం తెలియని షాపు కంటే నడపడానికీ తేలికే.

ఎక్కడ మొదలుపెట్టాలి

అందరినీ ఒకేసారి వెతకలేరు. ముడిసరుకు, ప్రాంతం, పనివాళ్లు, ఈ మూడింటిలో రెండింట అనుమానం ఉన్న సప్లయర్‌ని ముందు పట్టుకోండి.

ముడిసరుకుల్లో పత్తి, మెరుపు కోసం సౌందర్య సాధనాల్లో వాడే అభ్రకం, బ్యాటరీల్లోని కోబాల్ట్, పామాయిల్, చేపలు, రొయ్యలు, రబ్బరు గ్లవ్స్, చెక్కిన రాయి, తోలు లాంటివి పదే పదే వినిపిస్తాయి. ఏ దేశంలో ఏ వస్తువు వెనక బాలకార్మికులు లేదా బలవంతపు చాకిరీ ఉన్నట్టు ఆధారాలున్నాయో అమెరికా కార్మిక శాఖ జాబితా వేసి ఉచితంగా పెడుతుంది. మీ పట్టికలోని వస్తువు, దేశం రెండూ కలిపి అందులో వెతకడానికి ఒక పూట చాలు. జాబితాలో పేరు లేదంటే సమస్య లేదని కాదు, ఆధారాలు దొరకలేదని మాత్రమే.

పనివాళ్ల విషయంలో అడగాల్సింది: ఊరు విడిచి వచ్చారా, ఏజెంటు లేదా మేస్త్రీ ద్వారా వచ్చారా, ఫ్యాక్టరీ హాస్టల్లోనే ఉంటున్నారా, అక్కడి భాష తెలియదా, వీసా ఒకే యజమానికి కట్టి ఉందా. వీటిలో ఏదీ నేరం కాదు. అన్నీ ఒకే మనిషికి కలిశాయంటే మాత్రం ఆ మనిషి ఉద్యోగం మానుకోవడం దాదాపు అసాధ్యం. ఇళ్ల దగ్గర పూసలు కుట్టేవాళ్లు, ఎంబ్రాయిడరీ చేసేవాళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు. వాళ్లు ఏ రిజిస్టర్లోనూ ఉండరు.

గోడౌన్‌ను మర్చిపోవద్దు. పెద్ద సేల్ రోజుల ముందు పదిహేను రోజులకని కాంట్రాక్టర్ తెచ్చే ప్యాకింగ్ మనుషులు మీకు రోజూ కనిపించేవాళ్లే. వాళ్లకు జీతం ఎవరి ఖాతాలో పడుతోందో కనుక్కోండి. ముగ్గురి జీతం ఒకే ఖాతాలోకి పోతోందంటే ఆ ఖాతాదారు ఎవరో అడగాల్సిందే.

ధర, గడువు: మీ ఆర్డర్‌ను మీరే తనిఖీ చేసుకోండి

సప్లయర్ని ప్రశ్నలు అడిగే ముందు మీ పర్చేజ్ ఆర్డర్ మీద ఒక లెక్క వేయండి. ఇంతకంటే ఉపయోగపడే తనిఖీ చిన్న వ్యాపారానికి లేదు, ఖర్చు కూడా లేదు.

3,000 గుడ్డ సంచులు ఆర్డరిచ్చారనుకోండి. ఒక సంచి కుట్టడానికి 12 నిమిషాల పని. అంటే 36,000 నిమిషాలు, 600 గంటలు. ఏ లైనూ నూటికి నూరు వేగంతో నడవదు. దారం తెగుతుంది, బాబిన్ మార్చాలి, కరెంటు పోతుంది, మనిషి నీళ్లు తాగాలి. 60 శాతం సామర్థ్యం వేసుకుంటే 1,000 గంటలు. పది మిషన్లు రోజుకి 8 గంటలు నడిస్తే 80 గంటలు, అంటే పన్నెండున్నర రోజులు. కటింగ్, దారాలు కత్తిరించడం, చెకింగ్, ప్యాకింగ్ విడిగా.

సప్లయర్ "ఆరు రోజుల్లో ఇచ్చేస్తాం" అన్నాడు. 1,000 గంటల పని ఆరు రోజుల్లో పదిమంది చేయాలంటే మనిషికి రోజుకి పదహారు గంటలు దాటుతుంది. అయితే పదిమందినీ రాత్రింబవళ్లు కూర్చోబెడతాడు, లేదా మీకు చెప్పకుండా సగం పని బయట జాబ్‌వర్క్‌కి ఇస్తాడు. ఆ బయటి షెడ్డు పేరు మీ పట్టికలో ఉండదు. దుర్వినియోగం ఎక్కువగా దాక్కునేది అక్కడే.

ఇప్పుడు ధర. ఏ కరెన్సీ అయినా సరే, చట్టప్రకారం కనీస వేతనం, దానిపై కట్టాల్సిన బీమా, భవిష్య నిధి కలిపి గంటకు 60 అవుతుందనుకోండి. 1,000 గంటలకు 60,000. సంచికి 20, కుట్టుకూలి ఒక్కదానికే. సప్లయర్ సంచి 45కి ఇస్తానన్నాడు. గుడ్డకు 22, దారం లేబుల్‌కి 3, రవాణాకు 2 పోతే మిగిలింది 18. కూలికే 2 తక్కువ. అద్దె, కరెంటు, లాభం ఇంకా రానే లేదు. ఆ లోటు ఎవరో ఒకరు భరిస్తున్నారు, యజమాని మాత్రం కాదు.

నిమిషాలు మీకు తెలియకపోతే శాంపిల్ కుట్టేటప్పుడు స్టాప్‌వాచ్ పెట్టి మూడు ముక్కలకు సగటు తీయమని అడగండి. చేతిపనికీ ఇదే పద్ధతి. ఒక ముక్కకు 40 నిమిషాలు పట్టే పనికి ముక్కరేటు ఎంతిస్తున్నారో కనుక్కుని గంటకు మార్చి చూడండి. కనీస వేతనానికి ఎంత దూరంలో ఉందో వెంటనే తెలుస్తుంది.

లెక్క తేడా వస్తే సప్లయర్‌ని దొంగ అనకండి. లెక్క ఆయన ముందు పెట్టి "ఏ అంకె తప్పు వేశాను?" అని అడగండి. గుడ్డ చవకగా దొరుకుతుండవచ్చు, మిషన్లు మంచివి కావచ్చు. ఏ అంకె తప్పో చూపించగలిగినవాడు మంచి సప్లయర్. "మీకెందుకండీ, రేటు బాగుంది కదా" అన్నవాడి ఆర్డర్ ఆపి ఆలోచించండి.

తప్పు మీ వైపు కూడా ఉండొచ్చు. ప్రింటు రంగు ఆఖరి వారంలో మార్చి గడువు మార్చకపోవడం, సేల్‌కి పది రోజుల ముందు ఆర్డర్ రెండింతలు చేయడం, సరుకు అందిన 90 రోజులకు డబ్బు కట్టడం, ఇవన్నీ చివరికి కుట్టేవాళ్ల నెత్తినే పడతాయి. డబ్బు ఆలస్యమైన ఫ్యాక్టరీ జీతం ఆలస్యం చేస్తుంది. జీతం ఆలస్యమైన మనిషి అదే యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకుంటాడు, అక్కడినుంచి కదలలేడు. 60 నుంచి 90 రోజుల ముందే అంచనా పంపండి, డిజైన్ ఖాయం చేసే తేదీ పెట్టుకుని ఆ తర్వాత మార్చకండి. ఆర్డర్‌తో 30 శాతం, మిగతాది సరుకు బయల్దేరినప్పుడో, గట్టిగా 30 రోజుల్లోనో కట్టేయండి. పెద్ద కంపెనీలకంటే చిన్న వ్యాపారం మెరుగ్గా చేయగలిగేది ఇదే.

అప్పు

వేరే ప్రాంతం నుంచి వచ్చిన పనివాళ్లున్న చోట మొట్టమొదట కనుక్కోవాల్సింది, ఉద్యోగం కోసం వాళ్లు ఎవరికి ఎంత కట్టారన్నది. ఏజెంటు ఫీజు, వైద్యపరీక్ష, టికెట్, వీసా, శిక్షణ, డిపాజిట్, "పెద్దమనిషి మామూలు" అన్నీ కలిపి.

ఒక మనిషి లక్ష అప్పు చేసి వచ్చాడనుకోండి, నెలకు నూటికి మూడు వడ్డీ. జీతం నెలకు 15,000. హాస్టలుకీ తిండికీ 4,000 కోస్తారు, ఇంటికి 6,000 పంపుతాడు, మిగిలేది 5,000. మొదటి నెల అందులో 3,000 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 2,000. ఈ లెక్కన అప్పు తీరడానికి 31 నెలలు పడుతుంది. కాంట్రాక్టేమో 24 నెలలది. అది ముగిసేనాటికి ఇంకా 31,000 పైచిలుకు బాకీ ఉంటుంది. ఒక నెల జ్వరం వచ్చి మంచాన పడితే, ఒక నెల ఓవర్‌టైం డబ్బు ఎగ్గొడితే మరీ వెనక్కి పోతాడు. సూపర్‌వైజర్ తిట్టినా, రోజుకి పద్నాలుగు గంటలు చేయించినా పోలేడు. గేటుకి తాళం వేయాల్సిన అవసరమే లేదు.

ఉద్యోగం పొందడానికో నిలబెట్టుకోవడానికో యజమానికి లేదా ఏజెంటుకి డబ్బు కట్టించేలా జీతంలో కోత పెట్టడాన్ని 1949 నాటి ఐఎల్ఓ 95వ ఒప్పందం నిషేధించింది. ప్రైవేటు ఏజెన్సీలు పనివాళ్ల దగ్గర ఫీజు తీసుకోకూడదని 1997 నాటి 181వ ఒప్పందం అంటోంది. నియామక ఖర్చు యజమానిదే అన్న సూత్రం చెప్పేదీ ఇదే.

సప్లయర్‌ని అడిగే తీరు ముఖ్యం. "ఫీజు తీసుకుంటారా?" అంటే లాభం లేదు. ఇలా అడగండి: "పోయిన ఏడాది చేరినవాళ్లు ఎంతమంది? ఏ ఏజెన్సీ తెచ్చింది? మనిషికి ఏజెన్సీకి మీరు ఎంత కట్టారు? ఆ బిల్లు పంపగలరా?" యజమాని ఏజెన్సీకి ఏమీ కట్టలేదంటే, ఏజెన్సీ ఉచితంగా మనుషులను తేదు కాబట్టి, పనివాళ్లే కట్టారు. కట్టినా ఆ ప్రాంతంలో టికెట్, వీసాల ఖర్చుకు కూడా చాలనంత తక్కువైతే మిగతాది పనివాళ్ల మీదే పడింది. ఆ తర్వాత అడ్వాన్సుల రిజిస్టర్ అడగండి. ఒకే మనిషి పేరు మీద బాకీ నెలనెలా తగ్గుతోందా, పెరుగుతోందా అన్నదొక్కటి చూస్తే చాలు.

"ఫీజు మేమే కడితే రేటు పెరుగుతుంది" అంటాడు. ఎంత పెరుగుతుందో లెక్కేయండి. 40 మందికి మనిషికి లక్ష చొప్పున 40 లక్షలు, 24 నెలల మీద. ఫ్యాక్టరీ నెలకు 20,000 ముక్కలు తీస్తే మొత్తం 4,80,000 ముక్కలు. ముక్కకు 8 చిల్లర. ఆ మాత్రం పెంచి మీరు ఇచ్చినా, మీ ఆర్డర్ నెలకు 500 ముక్కలే అయితే ఫ్యాక్టరీ పద్ధతి మార్చుకోదు. అందుకే అదే ఫ్యాక్టరీ దగ్గర కొనే మిగతా వాళ్లెవరో కనుక్కుని, ఇద్దరు ముగ్గురు కలిసి అడగండి. పోటీదారులతో ధరలు మాట్లాడుకోవడం చట్టరీత్యా చిక్కు తెస్తుంది, నియామక ఫీజుల సంగతి వరకే ఉండండి.

పాస్‌పోర్టులు "భద్రంగా ఉండాలని" ఆఫీసు బీరువాలో పెట్టామంటే ఒప్పుకోకండి. తాళం చెవి పనివాడి దగ్గరే ఉండే లాకర్ ఇప్పించమనండి. ఎవరినీ అడగకుండా, సంతకం పెట్టకుండా ఏ వేళ అయినా తీసుకోగలగాలి.

కాగితాలు చదవడం

ఏవైనా అయిదుగురి పే స్లిప్పులు, ఆ నెల హాజరు పట్టీ అడగండి. పేర్లు కొట్టేసి పంపమనండి, మీకు పేర్లతో పనిలేదు. సప్లయర్ ఎంచి పంపే అయిదుగురు కాకుండా "హాజరు పట్టీలో 7, 14, 21, 28, 35 వరుసల వాళ్లవి" అని మీరే చెప్పండి.

అందరూ నెలంతా సరిగ్గా 9:00కి వచ్చి 6:00కి వెళ్లినట్టు ఉంటే అది ఒకే రోజు కూర్చుని రాసిన పట్టీ. మనుషులు 8:53కీ 9:04కీ వస్తారు. సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో ఉన్నాయా చూడండి. కోతల్లో "ఇతరములు" అని ఉంటే ఏమిటో అడగండి. ఓవర్‌టైం గంటలు ప్రతి నెలా చట్టం ఒప్పుకునే గరిష్ఠ సంఖ్య దగ్గరే ఆగుతుంటే రెండు పుస్తకాలు, అసలుదొకటి, చూపించేదొకటి, నడుస్తున్నాయేమోనని అనుమానించాలి.

అబద్ధపు హాజరు పట్టీని పట్టించేది వేరే రిజిస్టర్. కుట్టు యూనిట్లలో విరిగిన సూదుల రిజిస్టర్ ఉంటుంది. సూది ముక్క బట్టలో ఉండిపోకూడదని, సూది విరిగిన ప్రతిసారీ తేదీ, సమయం, మిషన్ నంబరు రాసి ముక్కలు అంటించి పెడతారు. ఆ పుస్తకాన్ని ఎవరూ దిద్దాలనుకోరు. ఆదివారం సెలవని హాజరు పట్టీ చెబుతుంటే, ఆదివారం రాత్రి 10:40కి 6వ మిషన్ మీద సూది విరిగినట్టు అందులో ఉంటుంది. కుట్టు కాని పనుల్లో గేటు రిజిస్టర్, జనరేటర్ డీజిల్ పుస్తకం, కొరియర్ పికప్ సమయాలు ఇదే పనికొస్తాయి.

గంటలు ఎక్కువ ఉన్నాయని తేలినంత మాత్రాన బలవంతపు చాకిరీ అని తీర్పు చెప్పకూడదు. ఐఎల్ఓ 11 సూచికలు ఇచ్చింది: బలహీనతను వాడుకోవడం, మోసం, కదలికలపై ఆంక్షలు, ఒంటరి చేయడం, శారీరక లేదా లైంగిక హింస, బెదిరింపు, గుర్తింపు పత్రాలు ఉంచుకోవడం, జీతం ఆపడం, అప్పుతో కట్టిపడేయడం, దారుణమైన పని-వసతి పరిస్థితులు, మితిమీరిన ఓవర్‌టైం. ఒక్కోసారి ఒక్కటే చాలు, ఎక్కువగా రెండు మూడు కలిసి కనిపిస్తాయి. ఓవర్‌టైంతో పాటు "వద్దంటే ఏమవుతుంది?" అన్న ప్రశ్నకు జవాబు చూడండి. వద్దన్నవాడికి మర్నాడు పని లేదన్నా, హాస్టల్ ఖాళీ చేయమన్నా విషయం మారిపోతుంది.

సర్టిఫికెట్ల సంగతి

సర్టిఫికెట్ ఉంటే మంచిదే, మీరు వెతకడం ఆపేయడానికి అది కారణం కాదు. 2012 సెప్టెంబరులో కరాచీలో ఒక బట్టల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు కమ్మీలు, బయటికి పోయే తలుపులకు తాళాలు. అంతకు కొన్ని వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి పేరున్న సామాజిక ప్రమాణ సర్టిఫికెట్ వచ్చింది. ఇలాంటి సర్టిఫికెట్ల కోసం తనిఖీకి వచ్చేది చాలాసార్లు ముందే చెప్పిన రోజున. పనివాళ్లతో మాట్లాడేది ఫ్యాక్టరీ లోపలే, సూపర్‌వైజర్ కనుచూపులో. బయటి జాబ్‌వర్క్ షెడ్డుకి ఎవరూ పోరు.

సర్టిఫికెట్ చేతికొస్తే నాలుగు చూడండి: ఇచ్చిన సంస్థ సైటులో ఆ నంబరు నిజంగా ఉందా, అడ్రసు మీ సరుకు తయారయ్యేదేనా, గడువు ఉందా, అది కవర్ చేసేది ఏమిటి. పత్తి సేంద్రియమని చెప్పే కాగితం, కుట్టినవాళ్ల జీతం గురించి ఏమీ చెప్పకపోవచ్చు. పూర్తి తనిఖీ రిపోర్టు అడగండి. ఏ లోపమూ లేని రిపోర్టు కంటే నాలుగు లోపాలు రాసి, సరిచేసిన తేదీలున్న రిపోర్టు నమ్మదగ్గది.

ఒప్పందంలో ఏం రాయాలి

ఒక పేజీ చాలు, సప్లయర్ చదవగలిగే భాషలో. ఉద్యోగం కోసం పనివాళ్లు డబ్బు కట్టకూడదు, కట్టి ఉంటే తిరిగి ఇవ్వాలి. పత్రాలు వాళ్ల దగ్గరే ఉండాలి. జీతం నెలకోసారి తక్కువ కాకుండా, వాళ్ల సొంత ఖాతాలోకి, వాళ్లకు అర్థమయ్యే చీటీతో. నోటీసు ఇచ్చి జరిమానా లేకుండా మానుకోవచ్చు. 15 ఏళ్ల లోపువాళ్లు, లేదా స్థానిక చట్టం ఇంకా ఎక్కువ వయసు పెడితే ఆ లోపువాళ్లు, పనిలో ఉండకూడదు. ప్రమాదకరమైన పనికి 18 నిండాలి. మమ్మల్ని అడగకుండా బయటి జాబ్‌వర్క్ ఇవ్వకూడదు. అడిగితే రెండు పని దినాల్లో జవాబిస్తాం.

మీ వైపు మాటలు కూడా అదే కాగితంలో ఉండాలి: అంచనా ఎప్పుడు ఇస్తారు, ఎన్ని రోజుల్లో డబ్బు కడతారు, డిజైన్ మారిస్తే గడువు ఎన్ని రోజులు పెంచుతారు. ఒకవైపే షరతులున్న కాగితాన్ని సప్లయర్ చదవకుండా సంతకం పెట్టేస్తాడు.

"ఒక్క ఉల్లంఘన కనిపించినా వెంటనే ఆర్డర్ రద్దు" అన్న వాక్యం పెట్టకండి. వినడానికి గట్టిగా ఉంటుంది కానీ, దాని ఫలితం దాచడమే. సమస్య ఉందని ముందుకొచ్చి చెప్పిన సప్లయర్‌కి సరిచేసుకునే గడువు ఇస్తామని, దాచినవాడితో తెంచుకుంటామని రాయండి.

పనివాళ్ల మాట

కాగితాల్లో లేనిది పనివాళ్లకు తెలుసు. కానీ మీరు నేరుగా ఫ్యాక్టరీలో నిలబడి "బాగా చూసుకుంటున్నారా?" అని అడిగితే జవాబు రాదు, అడిగించుకున్నవాడికి మర్నాడు ఇబ్బంది. ఆ ప్రాంతంలో పనిచేసే కార్మిక సంఘం, వలస కార్మికుల సంస్థ ఏవో ముందే కనుక్కుని నంబరు దగ్గర పెట్టుకోండి. ఫిర్యాదుకు ఒక ఫోన్ నంబరు ఏర్పాటు చేస్తే అది పనివాళ్ల సొంత భాషలో, మరుగుదొడ్ల తలుపు లోపలి వైపు అంటించాలి. నోటీసు బోర్డు మీద అంటిస్తే ఎవరు రాసుకుంటున్నారో అందరికీ కనిపిస్తుంది. ఫోన్ ఎత్తే మనిషి లేకుండా నంబరు పెట్టడం మాత్రం వద్దు. మొదటి కాల్‌కి జవాబు రాకపోతే రెండో కాల్ రాదు.

ఏదైనా బయటపడితే

ప్రాణాపాయం, హింస, నిర్బంధం ఉన్నాయని తెలిస్తే ఆ ప్రాంతంలోని హెల్ప్‌లైన్, కార్మిక సంస్థ ద్వారా ముందుకెళ్లండి. యజమానికి ఫోన్ చేసి "మీ దగ్గర ఇలా జరుగుతోందట" అనడం ఈ విషయంలో జరిగే అతి పెద్ద పొరపాటు. సాయంత్రానికి ఆ మనుషులు వేరే చోటికి తరలిపోతారు, లేదా చెప్పినవాడెవరో వెతుకులాట మొదలవుతుంది. ఫొటోలు, పేర్లు సోషల్ మీడియాలో పెట్టకండి. బాధితుడు విదేశీయుడైతే పోలీసుల జోక్యం వల్ల అతన్నే వెనక్కి పంపేసే ప్రమాదం ఉంటుంది కాబట్టి, తక్షణ అపాయం లేనప్పుడు అతని ఇష్టం కనుక్కుని నడవాలి. చూసింది, విన్నది, ఎవరు ఎప్పుడు చెప్పారన్నది తేదీలతో రాసి పెట్టుకోండి.

అప్పు, పత్రాలు, జీతం కోతల లాంటివైతే ఆర్డర్ ఆపకుండా సరిచేయించడమే మంచిది. ఆర్డర్ తెంచితే ఫ్యాక్టరీ మనుషులను తీసేస్తుంది, అప్పు మాత్రం వాళ్లతోనే ఉంటుంది. పత్రాలు అదే రోజు తిరిగి ఇవ్వాలి, దీనికి గడువు అక్కర్లేదు. ఆపిన జీతం వచ్చే జీతం రోజు లోపల. ఫీజులు వాయిదాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో, బ్యాంకు ఖాతాలోకి. చెల్లింపు అయ్యాక వెనక్కి వసూలు చేస్తున్నారా అన్నది తప్పక చూడాలి. ఖాతాలో వేసి, మర్నాడు సూపర్‌వైజర్ నగదు తీసుకున్న సందర్భాలు తనిఖీలు చేసేవాళ్లకు కొత్త కాదు. ఒక నెల తర్వాత, మళ్లీ ఆరు నెలల తర్వాత మూడో మనిషి ద్వారా పనివాళ్లను అడిగించండి.

పిల్లలు పనిలో కనిపిస్తే ఆ పూటే గేటు బయటికి పంపించేస్తే వాళ్లు ఇంకా అధ్వానమైన పనికి పోతారు. పని ఆపించి, ఆ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరికైనా ఆ ఉద్యోగం ఇప్పించి, చదువుకునే వయసు దాటే దాకా ఇంటికి పోయిన ఆదాయం సర్దుబాటు చేసేలా సప్లయర్‌తో ఒప్పందం చేసుకోవాలి. దీన్ని పిల్లల కోసం పనిచేసే స్థానిక సంస్థ చేతుల మీదుగా నడిపించండి.

ప్రభుత్వమే మనుషులను పనికి పంపే చోట మాత్రం సరిచేయించడం మీ వల్ల కాదు. తుర్క్‌మెనిస్తాన్‌లో ప్రభుత్వ ఉద్యోగులను పత్తి ఏరడానికి పంపించేవారు. అక్కడి పత్తి దిగుమతిని అమెరికా 2018లో నిషేధించింది. ఇలాంటి చోట ఫ్యాక్టరీ యజమాని మంచివాడా కాదా అన్న ప్రశ్నే రాదు, స్వతంత్రంగా పనివాళ్లతో మాట్లాడే దారే ఉండదు. అక్కడి ముడిసరుకు మానేయడం ఒక్కటే మార్గం. నూలు దారం ఏ దేశపు పత్తిదో చెప్పే కాగితం స్పిన్నింగ్ మిల్లు దాకా అడగాలి. "దారం మా పక్క ఊరి మిల్లుదే" అంటే ఆ మిల్లు పత్తి ఎక్కడ కొంటుందన్నది మిగిలే ఉంటుంది.

సైటులో ఏం రాయాలి

"మా వస్తువుల్లో బానిసత్వం లేదు" అని రాయకండి. మీరు నిరూపించలేరు, ఎవరైనా ప్రశ్నిస్తే తప్పుడు ప్రకటన కింద ఇరుక్కుంటారు. ఎన్ని వస్తువుల తయారీ చోటు తెలుసు, ఎన్నింటి ముడిసరుకు ఇంకా తెలియదు, ఈ ఏడాది ఏం అడిగారు, ఏం బయటపడింది, ఏం సరిచేయించారు, వచ్చే ఏడాది ఏది చూస్తారు, ఇవే రాయండి. "తెలియదు" అన్న గడులు ఎన్ని ఉన్నాయో కూడా అంకెతో చెప్పండి.

ఏడాది పనిని ఇలా పంచుకుంటే భారం అనిపించదు: మొదటి నెల పట్టిక, రెండో నెల ప్రమాదం ఎక్కువున్న ముగ్గురు సప్లయర్ల ధర, గడువు లెక్క, మూడో నెల నియామక ఫీజుల ప్రశ్నలు, ఆ తర్వాత మూడు నెలలకోసారి ఒక సప్లయర్ కాగితాలు. కొత్త సప్లయర్ వచ్చిన ప్రతిసారీ మొదటి ఆర్డర్ ముందే ఇవన్నీ. ఒక్కసారి డబ్బు కట్టాక ప్రశ్నలు అడిగే బలం సగం తగ్గిపోతుంది. ఆర్డర్లు, బిల్లులు, రవాణా పత్రాలు, దారం నుంచి తయారైన వస్తువు దాకా బ్యాచ్ నంబర్లతో కలిపి ఒకే ఫోల్డర్లో కనీసం అయిదేళ్లు ఉంచండి. కస్టమ్స్ సరుకు ఆపి ప్రశ్నిస్తే అడిగేది ఆ ఫోల్డరే, అప్పుడు సప్లయర్‌ని కాగితాల కోసం వెతికే సమయం ఉండదు.